పెంపుడు పక్షుల నీటిపాత్రలు: ఎన్నిక, శుద్ధి



నేటి ప్రసంగవిషయము చూపునకు మిక్కిలి చిన్నది. మన యిండ్లలో పెరుగు పక్షులకు నీరు పోసి యుంచు పాత్ర యెట్టిదై యుండవలెను, దాని నేవిధముగ శుద్ధి చేయవలెను అనునదియే ఆ విషయము. కోడికి నీరు పోయుట యెవ్వరెరుగరు, దీనికొక ప్రసంగమా యని పెద్దలు కొందరు నవ్వవచ్చును. కాని వేసవిలో నొక పెరటి కోళ్ళన్నియు మూడునాళ్ళలో వరుసగ నేలకొరిగినప్పుడు ఆ యింట నవ్వువారుండరు. గొల్లపల్లి మొదలు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వరకు మన పల్లెలలో కోడి లేని వాడ అరుదు. పేద యిల్లాలికి కోడియే చేతిలోని రొక్కము. గ్రుడ్లమ్మి బిడ్డలకు పలకయు బలపమును కొనిపెట్టిన తల్లులను బడిపంతులుగ నే నెందరినో చూచితిని. అట్టి సొత్తు ఒక మురికి మూకుడు మూలముగ పోవుట తగునా?

ముందుగ పక్షికి నీటితో గల పని యెట్టిదో విన్నవించెదను. మనకు ఎండ తగిలిన చెమట పట్టును. ఆ చెమట ఆరుటచే దేహము చల్లబడును. పక్షికి చెమట గ్రంథులు లేవు. ఎండవేళ కోడి ముక్కు తెరచి, రెక్కలు ఎడముగ జార్చి రొప్పుట మీరందరు చూచియే యుందురు. ఊపిరితో లోపలి తడిని వెలికి బంపి అది తన దేహమును చల్లార్చుకొనుచున్నది. 2 కిలోల తూకము గల పెట్ట సామాన్య దినములలో పావు లీటరు వరకు నీరు త్రాగును. ఎండ ముదిరిన నాళ్ళలో దానికి రెట్టింపును, ఒక్కొక్కప్పు డంతకు మించియు కావలసివచ్చును. గ్రుడ్డులోని పదార్థమున నాలుగింట మూడు పాళ్ళు నీరే. నీరు చాలని పెట్ట మేత తగ్గించును, గ్రుడ్డు మానును. మన జగిత్యాల ప్రాంతమున వేసవి యెండ 45 డిగ్రీలకు చేరుట కలదు. రోహిణికార్తెలో రోళ్ళు పగులునను సామెత మనకు క్రొత్తది కాదు. రోలు పగులు నెండలో పిడికెడు ప్రాణి యేమగును?

నీరు లేకున్నను ప్రమాదమే, చెడునీరు త్రాగినను ప్రమాదమే. ఒకే పాత్రలో పది కోళ్ళు ముక్కులు ముంచుచుండును. అందొకదానికి రోగమున్నచో దాని నోటిచొంగయు, ముక్కుచీమిడియు, రెట్టయు ఆ నీటిలో కలియును. తక్కిన తొమ్మిదియు దానినే త్రాగును. మనము కొక్కెర తెగులు అని పిలుచు వ్యాధిని పశువైద్యులు రాణిఖేత్ వ్యాధి యందురు. 1926లో ఇంగ్లండునందలి న్యూకాజిల్ నగర ప్రాంతమున గుర్తింపబడుటచే దానికే న్యూకాజిల్ వ్యాధి యనియు పేరు. ఈ తెగులు గాలిచేతను, తాకిడిచేతను వ్యాపించుటయే గాక చెడిన నీటిచేతను వ్యాపించును. కోళ్ళ కలరాయు అట్టిదే. 1880వ సంవత్సర ప్రాంతమున ఫ్రాన్సు దేశపు పాశ్చరు పండితుడు ఈ కోళ్ళ కలరా సూక్ష్మజీవుల బలము తగ్గించి టీకా కనుగొనెను. రోగమునకు మూలము కంటికి కానరాని జీవియే యని లోకము నమ్ముటకు ఆ కృషి యెంతయో తోడ్పడినది. ఆ కానరాని జీవికి మన పెరటి నీటిపాత్ర రాచబాట వంటిది.

పావురముల విషయమున మరియొక చిక్కు కలదు. వాని గొంతులో పుండ్లు పుట్టించు నొక సూక్ష్మజీవి యున్నది. పెద్ద పావురము పైకి ఆరోగ్యముగ నుండియే దానిని మోయుచుండును. త్రాగు నీటిలో దానిని విడిచిపోవును. ఈ జాతి జీవియే 2005 మొదలు ఇంగ్లండులో ఆకుపచ్చని పిచ్చుక వంటి గ్రీన్‌ఫించ్ పక్షులకు సోకి వానిని అసంఖ్యాకముగ చంపినది. అచ్చటి గృహస్థులు తమ తోటలలో పక్షులకు గింజలును నీరును ప్రేమతో నుంచుదురు. పక్షులన్నియు ఒక్కచోట మూగుటచే రోగము ఒకదాని నుండి యొకదానికి ప్రాకెను. దయతో నుంచిన పాత్రయే మృత్యువునకు త్రోవయైనది. కావున దయ యొక్కటియే చాలదు. దానికి శుద్ధి తోడు కావలెను. ఒక శుభవార్త యేమన, ఈ జీవి తడి లేనిచోట ఎక్కువసేపు బ్రతుకనేరదు. పాత్రను తోమి యెండలో నారబెట్టిన చాలును, అది నశించును.

ఇక పాత్ర యెన్నిక. మనము చిన్ననాట చదివిన దాహము గొన్న కాకి కథ మీకందరకు జ్ఞాపకముండును. కుండ మెడ సన్నము, నీరు అడుగున. కాకి గులకరాళ్ళు వేసి నీరు పైకి తెచ్చి త్రాగినది. బడిలో మనము కాకి తెలివిని మెచ్చుకొందుము. నేను మాత్ర మా కుండను గూర్చియు పిల్లలను ప్రశ్నించుచుంటిని: లోతు ఎక్కువయు మూతి తక్కువయు నగు పాత్ర పక్షికి తగునా? తగదు. పక్షికే కాదు, కడుగువారికిని తగదు. అందుచేత పాత్ర యెన్నికకు నే నొక్కటే కొలత చెప్పుచున్నాను. మీ చేయి లోనికి పోయి అడుగున నలుమూలలను తోమగలిగిన యెడల అది తగిన పాత్ర. చేయి పోని పాత్ర యెంత సొగసైనను పక్షికి వలదు.

తరువాత, ఏ పక్షి యెట్లు త్రాగునో చూచి లోతు నిర్ణయింపవలెను. కోడి ముక్కుతో నీరు తీసి, తల పైకెత్తి మ్రింగును. దానికి తక్కువ లోతు చాలును. పావురము తల యెత్తదు. ముక్కు నీటిలో ముంచియుంచి పశువు వలె పీల్చి త్రాగును. కావున పావురములకు ముక్కు మునుగునంత, అనగా సుమారు ఒక అంగుళము లోతైనను నీరుండవలెను. లవ్‌బర్డ్స్ అని అంగళ్ళలో విక్రయించు చిన్న చిలుకలలో పెక్కు బడ్జెరిగార్లు. అవి ఆస్ట్రేలియాలోని మెట్టభూముల పక్షులు. మిక్కిలి కొంచెము నీరు త్రాగును. పాత్రలోని నీరు తరగకుండుటచే యజమాని దానిని దినముల తరబడి మార్చడు. మొన్నటి నీరే నేడును త్రాగుచుండును. తరుగకున్నను నీరు దినదినము మార్చవలెనని పంజరపు పక్షులు గలవారు ముఖ్యముగ గుర్తుంచుకొనవలెను. కోడిపిల్లలున్నచోట పాత్రలో శుభ్రమైన గులకరాళ్ళు పరచుట మేలు. పిల్ల జారిపడినను మునుగదు. పాత్ర కడుగునప్పుడెల్ల ఆ రాళ్ళను కూడ కడుగవలెను.

ఏ పదార్థముతో చేసిన పాత్ర మంచిదందురా? మన కుమ్మరి చేసిన మట్టిమూకుడు వేసవికి శ్రేష్ఠము. దాని సూక్ష్మరంధ్రముల నుండి నీరు ఊరి ఆవిరియగుటచే లోపలి నీరు చల్లబడును. బరువుచే కోడి తన్నినను తొందరగ దొరలదు. కాని ఆ రంధ్రములలోనే పాచియు జిగురును దాగును. కావున మట్టిపాత్రను ఎక్కువ తోమవలెను, ఎక్కువ ఎండబెట్టవలెను, బీట కనబడినతోడనే మార్చవలెను. కొనునప్పుడు వ్రేలితో కొట్టి చూడుడు. కంగుమని మ్రోగినది బాగుగ కాలినది. లోపల రంగు పూసినదియు, తెలియని మెరుగు పెట్టినదియు వలదు. కొన్ని మెరుగులలో సీసము కలియును. రాతితొట్టి మన్నికగలదే గాని బోర్లించుట కష్టము. దానికి అడుగున తూము పెట్టించినగాని శుద్ధి కుదురదు. గోలెముల సంగతియు నంతే. పంజరములోని పక్షికి స్టీలు గిన్నెయే ఉత్తమము. అది గీతలు పడదు, వాసన పట్టదు, మరుగునీటికి పగులదు. ప్లాస్టిక్ పాత్ర చవకయే. కాని తోమగ తోమగ గీతలు పడును. ఆ గీతలలో సూక్ష్మజీవులు కాపురముండును. గీతలు పడిన ప్లాస్టిక్ పాత్రను విడనాడవలెను.

వలదనదగిన పాత్రలు కొన్ని కలవు. రాగి యిత్తడి పాత్రలు పూజకు మంచివే కాని, కళాయి లేని రాగిలో నీరు నిలిచిన పచ్చని చిలుము పట్టును. ఆ చిలుము విషము. జింకు పూత పూసిన ఇనుపరేకు డబ్బాల నుండి జింకు కొంచెము కొంచెముగ నీటిలో కరగును. చిలుకజాతి పక్షులు ఆ పూతను కొరికి తినుటయు కలదు. అందుచే వానికి ప్రాణాపాయము. పాతరంగుల డబ్బాలును అట్టివే.

వీనియన్నిటి కన్న ఘోరమైనది పురుగుమందు డబ్బా. వరి, పత్తి పండించు మన పల్లెలలో ఈ ఖాళీ డబ్బాలు గట్టుగట్టునను కనబడును. దానిని నడిమికి కోసి, నాలుగు నీళ్ళతో తొలిచి, కోళ్ళకు నీరు పోయు వాడుక నేను స్వయముగ పలుచోట్ల చూచితిని. ఎన్నిమారులు తొలిచినను ప్లాస్టిక్ పీల్చిన మందు పూర్తిగ పోదు. మోనోక్రోటోఫాస్ వంటి మందులు పక్షులకు అత్యంత విషకరములు. 1995, 1996 సంవత్సరములలో అర్జెంటీనా దేశపు పొలములలో చల్లిన ఈ మందుచేతనే వేలకొలది డేగలు చచ్చి పడినవి. పక్షుల మాట యటుంచుడు. 2013 జూలైలో బీహారునందలి సారణ్ జిల్లాలో నొక గ్రామపు బడిలో మధ్యాహ్నభోజనము తిని 23 మంది పసిబిడ్డలు మరణించిరి. వంటనూనెలో ఈ మోనోక్రోటోఫాసే కలిసినట్లు పరీక్షలో తేలినది. విషపుపాత్రయు, తిండినీళ్ళ పాత్రయు ఒకే యింట ఒకచోట కలియరాదనుటకు ఇంతకు మించిన సాక్ష్యమేల? నేడు కోళ్ళకు పెట్టిన డబ్బాను రేపు పిల్లవాడు చెంబుగ వాడుకొనడని చెప్పగలమా? మందు పిచికారీ చేయునప్పుడే ఖాళీ డబ్బాను మూడుమారులు తొలిచి, ఆ నీటిని మందుతొట్టిలోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడిచివేయుడు. చిల్లులు పడిన డబ్బాలో ఎవ్వరును నీరు పోయజాలరు.

ఇక శుద్ధి. పాతనీటిపై క్రొత్తనీరు పోయుట శుద్ధి కాదు. పాత్ర లోపల వ్రేలితో రాచి చూడుడు. జారుడుగ నొక పొర తగులును. సూక్ష్మజీవులు ఆ పొరలోనే యిల్లు కట్టుకొని యుండును. పై నీరు పారబోసినను అవి కదలవు. కావున ప్రతిదినము ఉదయమున నీటిని పూర్తిగ వంపి, కట్టెబూడిదయు కొబ్బరిపీచును గాని, బీరపీచును గాని చేకొని అడుగును, ప్రక్కలను, అంచును తోమి, రెండుమారులు మంచినీటితో కడిగి, బోర్లించి యెండబెట్టవలెను. ప్లాస్టిక్ చెత్త కాల్చిన బూడిద పనికిరాదు. పాత్ర ఎండుచుండగ పక్షి దప్పికతో నుండునే యందురేమో. దానికి ఉపాయము సులభము. ప్రతి గుంపునకు పాత్రలు జంటగ నుంచుడు. ఒకటి నేడు వాడుక, ఒకటి ఎండలో. రేపు అవి తారుమారు. మూకుడు వెల యెంత? చచ్చిన కోడి వెలలో నది యెన్నవ పాలు?

ప్రక్కలను తోమవలెనని చెప్పుటకు వేరొక కారణము కలదు. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమ నీటి మట్టమునకు పైగ పాత్ర గోడపై గ్రుడ్లు పెట్టును. నీరు పారబోసినను ఆ గ్రుడ్లు గోడకు అంటుకొని నెలల తరబడి యెండియు బ్రతికియుండి, మరల నీరు తగిలినప్పుడు పొదుగును. తోమిన గాని అవి రాలవు. రొనాల్డ్ రాస్ దొర 1897లో మన సికింద్రాబాదున దోమకడుపులో మలేరియా జీవిని కనుగొనెను. మరునా డేటనే కలకత్తాలో పక్షుల మలేరియా దోమకాటుచే వ్యాపించునని నిరూపించెను. దోమ పక్షికిని శత్రువే, మనకును శత్రువే. గ్రుడ్డు దోమయగుటకు మన వేడిమిలో వారము పది దినములు పట్టును. దినదినము వంపి తోము పాత్రలో దోమకు తావు లేదు.

వారమునకొకమారు మరికొంత శ్రద్ధ కావలెను. స్టీలు పాత్రలలో మరుగునీరు పోసి కొంతసేపు ఉంచుడు. తక్కిన పాత్రలను తోమి కడిగిన పిదప, లీటరు నీటికి ఒక చిన్న చెంచాడు బ్లీచింగు పొడి కలిపి, ఆ తేటలో పది నిమిషములుంచి, వాసన పూర్తిగ పోవువరకు కడిగి యెండబెట్టుడు. మురికి వదలని పాత్రలో బ్లీచింగు పనిచేయదు. ముందు తోముటయే ప్రధానము. కోడిపిల్లలకు నెత్తుటి విరేచనములు కలిగించు రోగపు బీజములు బ్లీచింగునకు లొంగవు. వానికి మరుగునీరును, ఎండయు, పొడితనమునే మందు. బోరునీటి సున్నపు పొర పట్టిన స్టీలు, మట్టిపాత్రలకు చింతపండుగాని నిమ్మకాయగాని వాడవచ్చును. కాని పులుపును బ్లీచింగును ఎన్నడును కలుపరాదు. ఆ కలయికచే విషవాయువు పుట్టును. పక్షుల ఊపిరి మనకన్న సుకుమారము. ఇంగ్లండులో బొగ్గుగనుల విషవాయువును ముందుగ తెలిసికొనుటకు కేనరీ పక్షులను లోనికి కొనిపోవు ఆచారము 1986 వరకు నుండెను. కావున పంజరము దగ్గర బ్లీచింగు పని పెట్టుకొనరాదు.

టీకామందును నీటిలో కలిపి త్రాగించు దినమున ఈ నియమము మారును. కొక్కెర తెగులు టీకాలో బలము తగ్గించిన జీవియుండును. బ్లీచింగు శేషము గాని, క్లోరిన్ కలిపిన కుళాయినీరు గాని దానిని చంపును. అప్పుడు టీకా వేసియు వేయనట్లే. ఆనాడు బ్లీచింగు తగులని శుభ్రమైన పాత్రయు, క్లోరిన్ లేని నీరును వాడి, పశువైద్యుడు చెప్పినట్లు వెన్న తీసిన పాలపొడి కలుపవలెను. జింకు రేకు పాత్ర ఆనాడు అసలే తగదు. మన జిల్లాలోనే కోరుట్లయందు పశువైద్య కళాశాల కలదు. మండలములందు పశువైద్యశాలలు కలవు. సందేహము కలిగిన అడుగుటకు వెనుదీయకుడు.

పక్షిపాత్రను మనము గిన్నెలు తోమునచోట తోమరాదు. దాని పీచు వేరు, చోటు వేరు కావలెను. రెట్టలోని రోగబీజములు మన కడుపులోనికి చేరి జ్వరమును, విరేచనములను తేగలవు. ఎండిన రెట్టను గీకి దుమ్ము లేపరాదు, తడిపి తీయవలెను. పని ముగిసిన తరువాత సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. పిల్లలకు ఈ పని అప్పగించినచో ఈ అలవాటును కూడ నేర్పుడు. పాత్రను నీడలో, కొంచెమెత్తున, కోడి వీపుమట్టమునకు అంచు వచ్చునట్లుంచిన చెత్తయు రెట్టయు తక్కువగ పడును. పక్షి వ్రాలు కఱ్ఱక్రింద నుంచరాదు.

పెంపుడు పక్షులనగానే కొందరకు రామచిలుక మనసున మెదలును. రామచిలుకను, గోరువంకను పట్టి పంజరమున నుంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. వానిపై ముచ్చటగలవారు వేపచెట్టు నీడన నొక మూకుడు నీరుంచుడు. అవి స్వేచ్ఛగ వచ్చి త్రాగి పోవును. ఆ మూకుడునకును దినదిన శుద్ధి తప్పదు. శుద్ధి చేయు తీరిక లేనిచో పెట్టకుండుటయే మేలు.

మన ధర్మశాస్త్రములు గృహస్థుని యింట ప్రాణిహింస జరుగు తావులు ఐదు కలవని చెప్పి, వానిని పంచసూనలు అన్నవి. పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, కడవ అనునవి ఆ యైదు. వంటపొయ్యి యెట్లో నీళ్ళకడవయు నట్లే ప్రాణము తీయగలదని ఆ పెద్దలు గుర్తించిరి. ఆ దోషమునకు పరిహారముగ భూతములకు, అనగా ప్రాణులకు, అన్నపానము లొసగుమనిరి. మనమొసగు పానమే మరల నొక సూన కాకుండ చూచుకొనుట మన విధి.

పెద్దలకు నా మనవి యింతియే. మీ మాట వాడకట్టున చెల్లును. ఈ సాయంకాలమే మీ పెరటి నీటిపాత్రను చూడుడు. చేయి అడుగునకు పోవునా? వ్రేలికి జారుడు తగులునా? అది పూర్వము దేనికి వాడిన డబ్బా? ఈ మూడు ప్రశ్నలు మీ యింట వేసి, పిదప ఇరుగుపొరుగుల యింటను వేయుడు. పురుగుమందు డబ్బా కనబడిన చిల్లులు పొడిపించుడు. దాని స్థానమున జంటమూకుళ్ళు పెట్టించుడు.